మొదటి రోజు ఖాళీ గోతాలే

మేస్త్రి పోయాడని నాకు టీ బడ్డీ దగ్గర తెలిసింది. పొద్దున నడక ముగించుకుని చక్కెర లేని టీ కోసం నిలబడ్డాను. బడ్డీ ఆయన పాలు వడపోస్తూ, "మాస్టారూ, మీ మేస్త్రి తెల్లారుజామున పోయాడంట గదా" అన్నాడు. 'మీ మేస్త్రి' అన్నాడు. గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసే కూలీల ముఠాలకి మేస్త్రీలు బోలెడుమంది ఉన్నారు. నాకు మాత్రం మేస్త్రి అంటే ఆయనొక్కడే. ఆయన్ని నేను ఏనాడూ పేరుతో పిలవలేదు కాబట్టి ఇక్కడా రాయను.

ఆయన నన్ను నడిపించిన మనిషి. ఇది మాటవరసకి అనడం లేదు. నలభై మూడేళ్ళ వయసులో, పది మెట్లెక్కితే ఆయాసపడే నాకు మళ్ళీ నడక నేర్పింది ఆయనే. తీరా ఆయన మంచాన పడ్డప్పుడు నేను ఆయన్ని నడిపించలేకపోయాను. పైగా ఒక మాట అనేసి వచ్చాను. అది అన్నాక సరిగ్గా రెండుసార్లు వెళ్ళాను, తర్వాత వెళ్ళడమే మానేశాను.

నాది పొదిలి దగ్గర మెట్ట ఊరు. కాలేజీ రోజుల్లో కబడ్డీ ఆడేవాణ్ణి. నేను కూతకి వెళ్తే అవతలి జట్టువాళ్ళు నడుములు బిగించుకునేవాళ్ళని మా పిల్లలతో చెప్తే, వాళ్ళు నా పొట్ట వంక చూసి ఒకళ్ళనొకళ్ళు గిల్లుకునేవాళ్ళు. గుంటూరులో లెక్కల మాస్టారుగా చేరాక స్కూటరు, ట్యూషన్లు, ఆదివారం మధ్యాహ్నం నిద్ర, మా ఆవిడ చేతి గోంగూరలో వేసుకునే నెయ్యి, అన్నీ కలిసి పదిహేనేళ్ళలో నా పని పట్టాయి. పదో తరగతి గది మేడ మీద ఉండేది. మెట్లెక్కి వెళ్ళి, ఆయాసం తీరేదాకా పిల్లల వైపు తిరక్కుండా బోర్డు తుడిచేవాణ్ణి. తుడిచిన బోర్డునే మళ్ళీ తుడిచేవాణ్ణి. ఎవరూ కనిపెట్టలేదనుకున్నాను. ఒకరోజు ముందు బెంచీలో పిల్ల లేచి, "సార్, మేం ముందే తుడిచేశామండి, మీరు కాసేపు కూర్చోండి" అంది. ఆ పిల్ల ఎగతాళి చేసినా బాగుండేది.

ఇది తొంభై ఎనిమిది ప్రాంతాల మాట. డాక్టరు రక్తపరీక్ష కాగితం చూసి, "షుగరు గుమ్మంలో నిలబడి ఉంది మాస్టారూ, లోపలికి రమ్మంటారో పొమ్మంటారో మీ ఇష్టం" అన్నాడు. ఇంటికొచ్చాక మా ఆవిడ అన్నం వడ్డిస్తూ ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"మావయ్యగారు పోయేనాటికి ఆయనకెన్నేళ్ళండీ?"

మా నాన్న పొగాకు చేలో కూలిపోయేనాటికి ఆయనకి నలభై ఆరు. ఆ సంగతి ఆవిడకి తెలుసు.

మర్నాడే కొత్త కాన్వాసు బూట్లు కొనుక్కుని కాలేజీ గ్రౌండుకి వెళ్ళాను. నాలుగు రౌండ్లు పరిగెత్తాలని నా లెక్క. ఒకప్పుడు కబడ్డీకి ముందు ఒళ్ళు వేడెక్కడానికి నాలుగు రౌండ్లు కొట్టేవాళ్ళం మరి. మొదటి రౌండు బ్రహ్మాండంగా పోయింది. పాత రోజులు తిరిగొచ్చాయనుకున్నాను. రెండో రౌండులో కుడి పిక్క పట్టేసి అక్కడికక్కడే చతికిలబడ్డాను. వాకింగుకి వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు రెక్కలు పట్టుకుని లేపి రిక్షా ఎక్కించారు. పన్నెండు రోజులు మంచం మీద ఉన్నాను. స్కూలుకి పంపిన సెలవు చీటీలో పిక్క అని రాయడానికి సిగ్గేసి జ్వరం అని రాశాను. బూట్లు మా ఆవిడ అటక మీద పెట్టేసింది. నేనూ ఎక్కడున్నాయని అడగలేదు.

మళ్ళీ ధైర్యం చేసి బూట్లు అటక మీంచి దించింది మే నెలలో. ఈసారి ఎవరి కంటా పడకుండా నడవాలనుకున్నాను. మా కాలనీకి నాలుగు వీధుల అవతలే మిర్చి యార్డు. ఎండలు ముదిరాక యార్డుకి వేసవి సెలవులు ఇస్తారు. లారీలు ఉండవు, రైతులు ఉండరు. షెడ్ల మధ్య వెడల్పాటి సిమెంటు రోడ్లు ఖాళీగా పడి ఉంటాయి. గేటు దగ్గర కాపలా ఆయన కొడుకు నా దగ్గర చదువుకున్నాడు, అందుకని లోపలికి వెళ్ళనిచ్చాడు. కాయ లేకపోయినా ఘాటు ఎక్కడికీ పోదు. ఏళ్ళ తరబడి నేలకీ గోడలకీ పట్టేసి ఉంటుంది. రెండడుగులు వేశానో లేదో తుమ్ములు అందుకున్నాయి. మంచి గాలి కోసం మిర్చి యార్డుకి వెళ్ళిన మహానుభావుణ్ణి గుంటూరు మొత్తం మీద నేనొక్కణ్ణే అయ్యుంటాను.

అయిదో తుమ్ముకో ఆరో తుమ్ముకో ఎవరో నవ్వారు.

"తుమ్మండి, తుమ్మండి. మంచిదే. లోపలున్న చెత్తంతా పోద్ది."

షెడ్డు అరుగు మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి. పొట్ట వెన్నుకి అంటుకుపోయి ఉంది. ఎడమ భుజం కుడిదాని కన్నా ఓ రెండు వేళ్ళు కిందికి దిగి ఉంది. మెడ వెనక చర్మం కాయలు కాసి నల్లగా, మందంగా ఉంది. నలభై ఏళ్ళ బస్తాలు ఆ మెడ మీదుగా వెళ్ళాయని తర్వాత తెలిసింది. మాట్లాడేటప్పుడు బొటనవేలితో ఆ కాయని నొక్కుకుంటూ ఉండేవాడు.

"ఏంది, కుడి కాలు ఈడుస్తన్నారు? పిక్కా?" అన్నాడు.

అప్పటిదాకా ఆయన నా మొహం చూడలేదు. ఎవర్నయినా ముందు పాదాలు చూసేవాడు, తర్వాత మోకాళ్ళు, నడుము. మొహం దగ్గరికి వచ్చేసరికి ఆ మనిషి సంగతి సగం తెలిసిపోయి ఉండేది. నేను నాలుగు రౌండ్ల కథ చెప్పాను. నవ్వుతాడనుకున్నాను గానీ నవ్వలేదు.

"పదిహేనేళ్ళయిందా ఒంటిని పలకరించి?"

"అయింది."

"చానాళ్ళకి చుట్టం వచ్చాడనుకోండి. కాళ్ళకి నీళ్ళిచ్చి బాగున్నావా అని అడుగుతారా, చేతికి పలుగిచ్చి బావి తవ్వమంటారా?"

నా శిష్యులు లెక్క తప్పు చేసినప్పుడు నేను వాళ్ళని ఎలా నిలబెడతానో, ఆయన నన్ను అలా నిలబెట్టాడు. ఆ పొద్దున్నే నాకు మొదటి పాఠం చెప్పాడు. గేటు దగ్గర్నుంచి మొదటి షెడ్డు దాకా నడవాలి, మళ్ళీ వెనక్కి రావాలి. మూడు రోజులు అంతే.

"ఇది వంద గజాలు కూడా లేదు. దీనికి బూట్లెందుకు, చెప్పులతో వచ్చేవాణ్ణి" అన్నాను రోషంగా.

"చెప్పులతోనే రండి. ఎవురు బూట్లు ఏసుకోమన్నారు?"

ఆ మూడు రోజులూ నాకు తల కొట్టేసినట్టు ఉండేది. ఒళ్ళు ఇంకా కావాలనేది, ఆయన చాలనేవాడు. "కావాలన్నప్పుడే ఆపాలి మాస్టారూ. వద్దన్నాక ఆపితే రేపు లెగవరు" అనేవాడు. నాలుగో రోజు ఇంకో షెడ్డు కలిపాడు. అలా వారానికో షెడ్డు కలుపుకుంటూ పోయాం. నాతో పాటు ఆయనా నడిచేవాడు. చేతులు ఊపేవాడు కాదు, మడమలు గట్టిగా ఆనించి చిన్న చిన్న అడుగులు వేసేవాడు. బరువు మోసే పని మానేసి మూడేళ్ళయినా, వీపు మీద బస్తా ఉన్నట్టే నడిచేవాడు. మొదట్లో నేనాయన్ని నువ్వు అనేవాణ్ణి. మాస్టారు కదా, నోటికి అలా వచ్చేసేది. ఎప్పుడు మీరులోకి మారిపోయానో నాకు గుర్తులేదు. ఆయన మాత్రం దాన్ని గమనించి, "ఏంది మాస్టారూ, ఇయ్యాల మర్యాద ఎక్కువైంది, పిక్క మళ్ళీ పట్టిందా?" అన్నాడు.

ఆయన గురించి నాకు అసలు సంగతి తెలిసింది యార్డు తెరిచిన రోజున.

సెలవులయ్యాక మొదటి రోజు సరుకు వస్తుంది. కాయ బస్తాల్ని యార్డులో టిక్కీలంటారు. ఒక్కోటీ నలభై కిలోల పైమాటే. మేస్త్రి పని మానేసినా, ఆయన ముఠాలో ఆయన పెట్టిన పద్ధతి అలాగే నడిచేది. వేరే ముఠాలవాళ్ళు మొదటి రోజే బస్తాలెత్తి ఎవరి సత్తా వాళ్ళు చూపించుకునేవాళ్ళు. ఈయన ముఠాలో మాత్రం మొదటి రోజు ఖాళీ గోతాల కట్టలే మోయాలి, ఊడవాలి, తాడు సర్దాలి. రెండో రోజు ఇద్దరికి ఒక బస్తా. మూడో రోజు ఒక్కొక్కరికి ఒక్కో బస్తా, అదీ దగ్గర దూరానికే. పక్క ముఠావాళ్ళు వీళ్ళని 'బాలింతల ముఠా' అని ఏడిపించేవాళ్ళు.

ఆ రోజు ఒకతను వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, దున్నపోతులా ఉన్నాడు. ఏడాది పాటు లారీ మీద పనికి వెళ్ళి మళ్ళీ ముఠాలోకి వచ్చాడట. గోతాల కట్ట చూసి పక్కకి తన్నేసి, తిన్నగా బస్తా దగ్గరికి వెళ్ళి వంగాడు. అరుగు మీద నా పక్కన కూర్చున్న మేస్త్రి లేచి వెళ్ళి, భుజం మీద తువ్వాలు ఆ బస్తా మీద పరిచి, దాని మీద కూర్చున్నాడు.

"లెగు మేస్త్రీ" అన్నాడతను.

"కూర్చోనీరా, కాళ్ళు లాగుతన్నాయి."

"ఇన్నేళ్ళు చూశావు, నా సత్తా నీకు తెలీదా?"

"నాకు తెలుసు. నీ నడుముకి ఏడాదైంది గదా, మర్చిపోయుంటది. దానికి గుర్తు రానీ."

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. అతను ఎర్రబడిపోయాడు. మేస్త్రి లేవలేదు. కాసేపటికి అతను గొణుక్కుంటూ వెళ్ళి గోతాల కట్ట ఎత్తుకున్నాడు. మేస్త్రి ఆ బస్తా మీదే కూర్చుని ఒక సగం టీ తెప్పించుకున్నాడు. ఆయన ఎప్పుడూ సగం గ్లాసే తాగేవాడు. నిండు గ్లాసు ఎందుకు తాగరని ఎవరైనా అడిగితే, ఇంకో సగం సాయంత్రానికి అనేవాడు.

ఈ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నారని ఒకరోజు నడుస్తూ అడిగాను. రెండు షెడ్లు దాటాక చెప్పాడు.

"మాకు తమ్ముడొకడు ఉండేవాడు. నాకన్నా బలమైనోడు. జబ్బుపడి నాలుగు నెలలు ఇంట్లో ఉన్నాడు. మొదటి రోజు వచ్చాడు. లారీ నిలబడి ఉంది, తొందర. నేనే కేకేశాను, రారా, ఎత్తరా అని." మెడ మీది కాయ నొక్కుకున్నాడు. "నడుం పోయింది. ఆ తర్వాత పధ్నాలుగేళ్ళు బతికాడు, అరుగు మీద కూర్చుని. ఈదిలో పోయే ప్రతోడూ వాణ్ణి పలకరించేవాడు. పలకరించినప్పుడల్లా వాడు తల దించుకునేవాడు."

అంతే. మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కానీ ఆ తర్వాత ఆయన చాలన్నప్పుడు నేనెప్పుడూ ఎదురు చెప్పలేదు.

అలా ఏళ్ళు గడిచాయి. యార్డు తెరిచి ఉన్న నెలల్లో లారీల రద్దీ మొదలవక ముందే, చీకటి విడుతూండగానే కలుసుకునేవాళ్ళం. ఆయన ఘాటు తగలకుండా మొహానికి కట్టుకోవడానికి తడిపిన తువ్వాలు రెండోది నాకోసం తెచ్చేవాడు. పొట్ట పోయిందని అనను గానీ, నాకంటే ముందు గదిలోకి వెళ్ళడం మానేసింది. మేడ మెట్లెక్కి తిన్నగా పాఠం మొదలుపెట్టేవాణ్ణి. నాకు నలభై ఏడు వచ్చిన రోజున మా ఆవిడ పొద్దున్నే స్నానం చేసి పరమాన్నం వండి, ఒక డబ్బా నిండా మేస్త్రికి పంపింది. ఎందుకో ఆవిడ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఆయన అరుగు మీద కూర్చుని డబ్బా మొత్తం ఖాళీ చేశాడు. ఒక్క చెంచా నాకు పెట్టలేదు. "షుగరు మీకు మాస్టారూ, నాకు కాదు" అన్నాడు. ఒక్కసారైనా బాగా తగ్గారు అనో, బాగా నడుస్తున్నారు అనో అన్న పాపాన పోలేదు. నా నడక ఎలా ఉందో చెప్పమని మరీ అడిగితే, "చుట్టం ఇంట్లో మనిషయ్యాడు" అన్నాడు. నాకదే పద్మశ్రీ.

ఆ తర్వాత కొన్నేళ్ళకి, ఒక వర్షాకాలంలో, ఆయన వరసగా మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. ఎన్నో ఏళ్ళుగా రోజూ కలుస్తున్నాం గానీ, ఆయన ఇల్లు చూడటం అదే మొదలు. యార్డు వెనక సందులో రెండు గదుల డాబా. మేస్త్రి భార్య తలుపు తీసింది. ఆవిడ మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళే మనిషి, వేళ్ళన్నీ ఎర్రగా మండి ఉన్నాయి. "ఎడమ పక్క పడిపోయిందయ్యా" అంది.

ఆస్పత్రి నుంచి తెచ్చాక ఆయన మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉండేవాడు. మాట కొంచెం ముద్దగా వచ్చేది గానీ తెలిసేది. ఎడమ చెయ్యి చచ్చుబడింది. కాలు కొంచెం కదిలేది. రోజూ నడిపిస్తే నడక వస్తుందని, ఊరికే పడుకోబెడితే ఆ కాస్తా పోతుందని డాక్టరు గట్టిగా చెప్పాడట. ఆయన మాత్రం మంచం దిగనన్నాడు. నేను రోజూ సాయంత్రం వెళ్ళేవాణ్ణి. బతిమాలేవాణ్ణి. మంచి చేతికర్ర కొని తీసుకెళ్ళాను. దాన్ని కుడి చేత్తో మంచం కిందికి తోసేశాడు.

"మొదటి రోజు గోతాలే కదా మేస్త్రీ. మంచం దగ్గర్నుంచి కిటికీ దాకా, అంతే. మీరు చెప్పిందే" అన్నాను.

"అది పనిలోకి పోయేవాడికి. నేను యాడికి పోవాలి?"

"యార్డుకి. నాతో."

"ఈ కాలు ఈడ్చుకుంటా యార్డుకి రావాలా? వాళ్ళందరూ చూడాలా?" అని మళ్ళీ గోడ వైపు తిరిగాడు.

నెలరోజులు అలా గడిచాయి. నేను మాస్టారుని. పిల్లాడు మొండికేస్తే నాకు ఓర్పు ఎక్కువేనని పేరు. కానీ ఒక సాయంత్రం ఆ ఓర్పు తెగింది. ఆ రోజు కాలు సగానికి సగం సన్నబడిపోయి కనిపించింది. పొద్దున డాక్టరు, ఇంకో నెల ఇలాగే ఉంటే ఇక ఆశ వదులుకోండి అన్నాడని ఆయన భార్య చెప్పింది. నాకు భయం వేసింది. భయం వేస్తే నాకు కోపం వస్తుంది.

"సరే. మీ తమ్ముడిలాగే కూర్చోండి పధ్నాలుగేళ్ళు" అన్నాను.

ఆవిడ వంటింటి గుమ్మంలో చేటతో నిలబడిపోయింది. ఆయన ఇటు తిరిగాడు. మొదటిసారిగా నా పాదాలు చూడలేదు, నేరుగా నా కళ్ళలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత కళ్ళు మూసుకున్నాడు. నేను క్షమించమని అడగాల్సింది. అడగలేదు. చెప్పులేసుకుని బయటికి వచ్చేశాను.

తర్వాత రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ నిద్రపోతున్నట్టు పడుకున్నాడు. నిద్ర కాదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆ తర్వాత నేను వెళ్ళలేదు. స్కూల్లో పరీక్షలని, ఇంట్లో పెళ్ళి పనులని నాకు నేనే చెప్పుకున్నాను. అసలు సంగతేమిటంటే, ఆయన ఓడిపోయాడని నాకు ఆయన మీద కోపం. అలా ఓడిపోయే మనిషిని అంత మాట అన్నందుకు నా మీద నాకు కోపం. ఈ రెండు కోపాలతో ఏడెనిమిది నెలలు, ఆయన ఇంటి సందు రాకుండా చుట్టూ తిరిగి నడిచాను. నడక మాత్రం మానలేదు. మానితే ఆయన ఇంకా పరాయివాడైపోతాడని భయం.

టీ బడ్డీ దగ్గర కబురు విన్న రోజున వెళ్ళేసరికి జనం ఉన్నారు. ముఠా మొత్తం వచ్చింది. ఒకప్పుడు గోతాల కట్ట తన్నేసిన మనిషి ఓ మూల కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. మధ్యాహ్నానికి అంతా అయిపోయింది. నిద్రలోనే పోయాడనీ బాధపడలేదనీ అందరూ అన్నారు.

మూడో రోజు, చిన్నకర్మ అయ్యాక, జనం పల్చబడ్డప్పుడు మళ్ళీ వెళ్ళాను. ఆయన భార్య చాప వేసి కూర్చోమంది. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి, చివరి రోజుల్లో ఏమన్నా తిన్నాడా, ఎలా ఉన్నాడు అని అడిగాను. ఆవిడ లేచి, ఆ గదికీ వంటింటికీ మధ్య ఉన్న గోడ దగ్గరికి వెళ్ళింది.

"ఇట్రాండయ్యా. ఇది చూడండి" అంది.

తెల్ల సున్నం గోడ. దాని మీద, భుజం కన్నా కొంచెం కింద, వరసగా నూనె మరకలు ఉన్నాయి. అరచేతి మరకలు. మంచం దగ్గర మొదలై, జానెడు జానెడు దూరంలో, ఒకదాని మీద ఒకటి పడి, నల్లగా జిడ్డుగా గోడ పొడుగునా వెళ్ళాయి. ఎదురుగోడ మీద కూడా అంతే. పడిపోయిన చేతికి ఆయన కుడి చేత్తో నువ్వుల నూనె మర్దనా చేసుకునేవాడు. నూనె అంటిన ఆ కుడి చెయ్యే ఆనించి నడిచాడు. ఎడమ చేత్తో పట్టుకోలేడు కాబట్టి, ఈ గోడ పట్టుకుని వెళ్ళి ఆ గోడ పట్టుకుని తిరిగి వచ్చేవాడట.

"నేను పనికి పోయాక, ఈది తలుపు గడియ పెట్టుకుని నడిచేవాడు. నాక్కూడా తెలవదు. ఓ రోజు మధ్యానం తలనొప్పని పెందలాడే వస్తే తలుపు తీయడానికి అరగంట పట్టింది. అప్పుడు ఈ గోడ చూశా. ఎవురికీ చెప్పమాక అన్నాడు. మీకైతే అసలు చెప్పమాక అన్నాడు."

మధ్యలో వంటింటి గుమ్మం ఉంది. గుమ్మానికి ఇటు పక్క చివరి మరక, అటు పక్క మళ్ళీ మొదటి మరక. మధ్యలో చెయ్యి ఆనించడానికి ఏమీ లేదు. ఆ గుమ్మం వెడల్పు ఆయన దేన్నీ పట్టుకోకుండా దాటాడు. అటు పక్క మరకలు కూడా ఇటువైపంత నల్లగానే ఉన్నాయి. అంటే ఒకసారి రెండుసార్లు కాదు, చాలా రోజులు దాటాడు.

"ఎప్పుడు మొదలుపెట్టారమ్మా?" అన్నాను.

"మీరు కోప్పడిపోయారే, దానికి మూడో నాడు. రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో నాడు మంచం మీంచి కాళ్ళు కిందికి దించి కూర్చున్నాడంట. ఆ రోజుకి అంతే. కూర్చోవటమే."

"నాకు ఒక్క మాట చెప్పి పంపించొచ్చు కదమ్మా. నేను వచ్చేవాణ్ణి కదా."

"నేనూ అదే అన్నానయ్యా. మాస్టారు పాపం మొహం చెల్లక రావట్లేదు, కబురెడతానన్నా. వద్దన్నాడు. రాకపోవటమే మంచిది, వస్తే ఈ నడక చూస్తాడన్నాడు." ఆవిడ చెంగుతో ఆ గోడ మీద ఏదో దుమ్ము దులపబోయి, మరకల దగ్గర చెయ్యి ఆపేసింది. "నాలుగు ఈదులే గదా, ఉగాది ఎల్లాక నేనే పోతా, తెల్లారుజామున వాళ్ళ గేటు కాడ నిలబడి, లెగండి మాస్టారూ, ఇంకా పడుకున్నారేంది అని కేకేస్తా, అప్పుడు చూడు ఆయన మొహం అని ఒకటే నవ్వేవాడు."

ఉగాది ఇంకా పన్నెండు రోజులుంది. నేను ఆ గోడకి నుదురు ఆనించి ఏడ్చాను. ఆవిడ కూర్చోమని అనలేదు, ఊరుకోమని అనలేదు. లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి, నేను తిరిగేదాకా గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.